గడప రంగులు

మేము లండన్‌లో ఉంటాం. పోయిన ఆదివారం నాన్న నాకు కంప్యూటర్‌లో ఒక పెయింటింగ్ చూపించారు. అసలుది చాలా పెద్దదట. ఆరున్నర అడుగుల ఎత్తు, అంతే వెడల్పు. ఎక్కువగా ఎరుపు, నారింజ రంగులే. మనుషులు లేరు, ఇళ్ళు లేవు.

"2010లో ఇక్కడే, లండన్‌లో వేలం వేశారు. 23 లక్షల పౌండ్లకు పైగా పలికింది" అన్నారు నాన్న.

"ఉత్త రంగులకే అంత డబ్బా!" అన్నాను.

దాన్ని 1983లో ఎస్.హెచ్. రజా గారు వేశారు. ఆయన మధ్యప్రదేశ్‌లో పుట్టారు. 1950లో ఫ్రాన్స్ వెళ్ళి, అరవై ఏళ్ళు అక్కడే ఉన్నారు. అయినా ఆ పెయింటింగ్ పేరు 'సౌరాష్ట్ర'. అది గుజరాత్‌లో ఒక ప్రాంతం.

అన్నేళ్ళు దూరంగా ఉన్నా ఆయన మర్చిపోలేదు. నేనేమో మొన్న అమ్మమ్మతో మాట్లాడుతూ 'గడప' అనే మాటే మర్చిపోయాను. భలే సిగ్గేసింది.

అందుకే ఒక పెద్ద కాగితం తీసుకున్నాను. దాని నిండా పసుపు రంగు వేశాను. మీద వరసగా ఎర్రటి చుక్కలు పెట్టాను. అంతే, ఇంకేమీ గీయలేదు.

వీడియో కాల్‌లో అమ్మమ్మకి చూపించాను. ఇదేంటని ఆవిడ అడగనే లేదు.

"ఓరి నాన్నా, మన గడపే!" అంది.