అత్తయ్య పాటల పెట్టె

మనకు వయస్సు మళ్ళేకొద్దీ ఇంట్లోని యంత్రాలు పసివైపోతుంటాయి. వాటి మారాం మనకర్థం కాదు. మన చాదస్తం వాటికి పట్టదు. మా మేనత్తకు పాటల పెట్టె కొనబోయినప్పుడు గాని ఈ సంగతి నాకు తెలిసిరాలేదు.

అత్తయ్యకు ఎనభైరెండేళ్ళు. మామయ్య పోయి ఆరేళ్ళయింది. తెనాలిలో ఒక్కతే వుంటుంది. చూపు బొత్తిగా మసక. పుస్తకం చదవలేదు, టీవీలో మొహాలు ఆనవు. ఇహ మిగిలినవి చెవులు. అవి మాత్రం దివ్యంగా వున్నాయి. వీధరుగు దగ్గర నేను చెప్పులు విడిచిన చప్పుడుకే, "ఏరా, వచ్చావూ?" అని వంటింట్లోంచి కేకేస్తుంది.

ఆ ఇంట్లో ఒకప్పుడు రేడియోదే రాజ్యం. మామయ్య ముచ్చటపడి కొన్న చెక్కపెట్టె రేడియో. ఏటేటా పోస్టాఫీసుకు వెళ్ళి లైసెన్సు రుసుము కట్టి వచ్చేవాడట. మీట తిప్పగానే అది పలికేది కాదు. లోపల వాల్వులు వేడెక్కాలి, ఆకుపచ్చ కన్ను తెరవాలి. ఈలోగా అత్తయ్య డికాక్షను దింపేది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం వారి భక్తిరంజనితోనే ఆ ఇంట తెల్లవారేది. 1963లో వచ్చిన 'లవకుశ' పాటలు వినిపిస్తుంటే పొయ్యిమీద పులుసు మాడినా ఆవిడ కదిలేది కాదని మామయ్య వేళాకోళం చేసేవాడు. తర్వాత ట్రాన్సిస్టరు వచ్చింది. మామయ్య పోయిన రెండేళ్ళకు అదీ మూగబోయింది. బాగుచేసేవాడు దొరకలేదు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

అమెరికాలో వున్న కొడుకు, నోటితో అడిగితే పాడే పెట్టె ఒకటి పంపాడు. దానికి ఇంటర్నెట్టు కావాలి. పైగా ముందు దాన్ని పేరు పెట్టి పిలవాలి. అత్తయ్య ఎదురుగా నిలబడి, "ఏమండీ" అంది. అది పలకలేదు. "పేరు పెట్టి పిలవడం నాకు చాతకాదు నాయనా" అని దానిమీద తువ్వాలు కప్పేసింది.

నేను ఫోనులో పాటలు పెట్టి ఇచ్చాను. నున్నటి అద్దంమీద చూపులేని వేలికి ఆనవాలేముంది? ఒకచోట తాకబోతే మరొకచోట తగిలేది; పాటకు బదులు ఎవరికో ఫోను వెళ్ళేది. చివరకు ప్రతి శనివారమూ సాయంత్రం గుంటూరు నుంచి రైల్లో వెళ్ళి, ఓ గంటసేపు నేనే పాటలు పెట్టి వచ్చేవాణ్ణి.

ఇలా ఎన్నాళ్ళని ఒకనాడు దుకాణాలు తిరిగాను. 2017లో సారెగామ వారి 'కారవాన్' అయిదువేల హిందీ పాటలు కడుపులో పెట్టుకుని వచ్చిందగ్గర్నుంచీ ఈ తరహా పెట్టెలకు గిరాకీ పెరిగింది. తెలుగు పాటలవీ వున్నాయి. అయితే నేను ఎమ్మే చదివినవాణ్ణి కదా, నా తెలివి నాకుంది! చవకలో వేరే పెట్టె కొని, పెన్‌డ్రైవులో నేనే పాటలు ఎక్కించాను. మూడు నిమిషాల పాట సుమారు మూడు ఎంబీలు. ముప్ఫైరెండు జీబీల దాంట్లో పదివేల దాకా పడతాయి. ఏరి ఏరి వెయ్యి పాటలు నింపి, అత్తయ్య చేతిలో పెట్టి, ఘనకార్యం చేసినవాడిలా తిరిగివచ్చాను.

నెల తర్వాత వెళితే అత్తయ్య అంది గదా, "ఎంత చక్కటి పాటరా! రోజూ వింటున్నాను."

"ఏ పాట?"

"ఆ పాటే. ఇందులో వున్నది ఒక్కటేగా!"

విషయమేమిటంటే, ఆ పెట్టెకు జ్ఞాపకశక్తి లేదు. ఆపి మళ్ళీ పెడితే మొదటి పాట దగ్గరికే వస్తుంది. అత్తయ్యకు కరెంటు దండగ కావడం ఇష్టం వుండదు. ఒక పాట కాగానే ఆపేసేది. నెల రోజులూ ఆ ఒక్క పాటే విన్నదన్నమాట!

"నాతో ఒక్క మాట చెప్పకపోయావా, అత్తయ్యా?"

"అంత అభిమానంగా తెచ్చావు. ఇంకో పాట వుంటే బాగుండునని ఎలా అనను?"

నాకు నోట మాట రాలేదు. పెట్టెలో ఎన్ని పాటలు పడతాయో లెక్కవేశానే గాని, వినేది ఎవరో ఆలోచించనే లేదు.

ఈసారి అత్తయ్యను వెంటబెట్టుకునే దుకాణానికి వెళ్ళాను. కుర్రవాడు బ్లూటూతనీ, రంగుల దీపాలనీ ఏకరువు పెడుతున్నాడు. అత్తయ్య అవేవీ విననేలేదు. కళ్ళు మూసుకుని వేళ్ళతో ఒక్కొక్క పెట్టెనూ తడిమింది. "ఇది మెత్తగా వుంది, నొక్కానో లేదో తెలియదు." "దీనికి మీటలు మరీ దగ్గర దగ్గరగా వున్నాయి." మూడోదానికి గుండ్రటి మీట వుంది. తిప్పగానే టక్కుమంది. ఆవిడ మొహం విప్పారింది. "ఇది మన రేడియోలా వుందిరా!"

నేను నాలుగుసార్లు ఆపి, మళ్ళీ పెట్టి చూశాను. ఆపినచోటినుంచే అందుకుంది. ఇంటికొచ్చి పాటలు రెండువందలకు తగ్గించాను. అత్తయ్య తెగిన దండలోంచి ఒక పూస తీయించి, తరవాతి పాటకు వెళ్ళే బొత్తాంమీద నాచేత అంటింపించింది. ఇక ఆవిడ వేలికి కన్ను వచ్చినట్టే.

తర్వాత నా పనుల్లో నేను పడ్డాను. పరీక్షలు, పేపర్లు దిద్దడం. రెండు నెలలు తెనాలి వెళ్ళనేలేదు. పాటలకు లోటు లేదు కదా అన్న ధీమా ఒకటి! ఒకనాడు ఫోను చేసి, "పెట్టె ఎలా వుందత్తయ్యా?" అన్నాను.

"దానికేం, రాజాలా వుంది. ఇదివరకు నాకు పెట్టుకోవడం చేతకాకపోవడమే నయంరా. పాటలు పెట్టడానికైనా నువ్వొచ్చేవాడివి."

నవ్వుతూనే అంది. ఆ నవ్వు మాత్రం నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

ఆ శనివారమే వెళ్ళాను. చెప్పులు విడవగానే లోపలినుంచి కేక వినిపించింది. నేను కూర్చోగానే పెట్టె ముందుకు జరుపుకుని, "నీకేం పాట కావాలో చెప్పు" అంది, ఇంటికొచ్చిన చుట్టాన్ని ఏం తింటావని అడిగినట్టు. మీట తిప్పింది. పూస తడిమి ఒకటి, రెండు, మూడు నొక్కింది. 'లవకుశ' పాట మొదలైంది.

అలవాటు చొప్పున కాఫీ కోసం లేవబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ పూట పాట ఆవిడ పెట్టింది. కాఫీ నేను కలిపాను.