వణికింది నా చేతులు కాదు

ఈసారి పచ్చళ్ళ గురించి రాస్తానని పోయినసారి మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను, ఏమీ అనుకోకండి. రెండు నెలలుగా మా ఇంట్లో నడిచిన కారు గొడవ మొన్ననే తేలింది. మర్చిపోకముందే మీతో చెప్పుకోవాలి.

నేను కారు నడపడం నేర్చుకున్నది నలభై ఒకటో ఏట. తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టుకుని వచ్చాక నేర్చుకోక తప్పలేదు. పాపకి దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీ, అత్తయ్యకి ఎల్బీనగర్‌లో కళ్ళ డాక్టరు, మా అమ్మావాళ్ళేమో యాచారంలో. మావారు పొద్దున వెళ్తే రాత్రికే రావడం. సాగర్ రోడ్డు మీద బస్సులకి కరువు లేదు గానీ, మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య బస్సెక్కలేరు. అలా నాలుగేళ్ళుగా ఆ చిన్న కారు నా చేతిలోనే ఉంది.

మొదటిసారి నాకు తేడా తెలిసింది యాచారం నుంచి వస్తున్నప్పుడు. ఇబ్రహీంపట్నం ఇంకా రాలేదు. రోడ్డు ఖాళీగా ఉంటే డెబ్భై, ఎనభైలో వస్తున్నాను. ముందు గేదెలు కనిపిస్తే బ్రేకు వేశాను. స్టీరింగు రెండు చేతుల్లోనూ గడగడా వణికింది, పిండి జల్లెడ పడుతున్నట్టు. కాలు తీయగానే ఆగిపోయింది.

రాత్రి మావారికి చెప్పాను. "రోడ్డు అలా తగలడింది" అన్నారు. ఆదివారం ఆయనే తీసుకెళ్ళి బీఎన్ రెడ్డి నగర్ దాకా తిప్పుకొచ్చారు. ఏమీ లేదన్నారు. నేను మళ్ళీ చెబితే, నవ్వుతూనే అన్నారనుకోండి, "నీ చేతులే వణుకుతున్నాయేమో చూసుకో" అని.

ఆ మాట మనసులో గుచ్చుకుపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాత నాలుగు రోజులు టీ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా చేతులకేసి చూసుకున్నాను. వయసు మీద పడుతోందా, షుగరు పరీక్ష చేయించుకోవాలా అని కూడా అనుకున్నాను. మనం చెప్పింది పక్కవాళ్ళు నమ్మకపోతే, కొన్నాళ్ళకి మనమే మనల్ని నమ్మడం మానేస్తాం. మీకూ ఇది తెలిసే ఉంటుంది.

పోరగా పోరగా ఒక షెడ్డుకి తీసుకెళ్ళారు. వాళ్ళు నన్ను ఒక్క మాటా అడగలేదు. వీల్ అలైన్‌మెంటు, బ్యాలెన్సింగూ చేసేసి, డబ్బులు తీసుకుని పంపించారు. మర్నాడు యాచారం రోడ్డు మీద మళ్ళీ అదే వణుకు.

అసలు భయం మన్నెగూడ దగ్గర పట్టుకుంది. పక్క సందులోంచి ఒక బైకు హఠాత్తుగా అడ్డం వచ్చింది. వెనక సీట్లో అత్తయ్య. నేను బ్రేకు గట్టిగా తొక్కాల్సింది, సగమే తొక్కాను. ఎందుకంటే గట్టిగా తొక్కితే స్టీరింగు వణుకుతుందని నా కాలికి అలవాటైపోయింది! బండి జానెడు దూరంలో ఆగింది. ఆ అబ్బాయి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. అత్తయ్య "ఏమైందమ్మా" అంటే "ఏం లేదత్తయ్యా" అన్నాను. ఇంటికొచ్చాక మాత్రం వంటింట్లో కాసేపు కింద కూర్చుండిపోయాను. అప్పుడు మాత్రం నా చేతులు నిజంగానే వణికాయి.

ఆ రాత్రే పాల లెక్కల పుస్తకం వెనక పేజీ తీశాను. మిక్సీ చప్పుడు మారితే ఏం చేస్తాం? ఖాళీగా తిరిగినప్పుడు వస్తోందా, పప్పు వేస్తే వస్తోందా అని చూస్తాం కదా, అలాగే చూడాలనుకున్నాను. వారం రోజులు ఎక్కడికి వెళ్ళొచ్చినా రాసుకున్నాను:

ఎనభైలో బ్రేకు వేయకుండా పోతే వణుకు లేదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి ఊరికే వదిలేస్తే లేదు. బ్రేకు వేస్తేనే ఉంది. వేగం తగ్గేకొద్దీ వణుకు కూడా నెమ్మదిస్తుంది. కాలి కింద బ్రేకు పెడలు కూడా పైకీ కిందకీ కొట్టుకుంటుంది. సీటు మాత్రం కదలదు. పొద్దున నలభైలో లేదు. సాగర్ రోడ్డు సిగ్నళ్ళలో పదిసార్లు ఆగీ ఆగీ ఎల్బీనగర్ చేరేసరికి నలభైలోనూ కొంచెం ఉంది.

ఆ పుస్తకం పట్టుకుని ఈసారి నేనొక్కదాన్నే మా కాలనీ మలుపులో ఉన్న చిన్న షెడ్డుకి వెళ్ళాను. ముప్పై ఏళ్ళుంటాయేమో ఆ అబ్బాయికి. చేతులు తుడుచుకుని పేజీ మొత్తం చదివాడు.

"అక్కా, ఇది మీరే రాసిన్రా? సగం పని మీరే చేసిన్రు" అన్నాడు. రెండు నెలల్లో నా మాట మీద నమ్మకం పెట్టిన మొదటి మనిషి. కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నవ్వకండి.

అతను చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. బ్రేకు వేయకపోయినా ఒక వేగంలో వణికితే చక్రాల బ్యాలెన్సింగు చూడాలట. బండి ఒక పక్కకి లాగినా, టైరు ఒకవైపే అరిగినా అలైన్‌మెంటు. బ్రేకు వేసినప్పుడే వణికితే ముందు బ్రేకులే చూడాలట. స్టీరింగు వణికితే సాధారణంగా ముందు చక్రాలవి, సీటు వణికితే వెనకవి. ఏబీఎస్ ఉన్న బండిలో సడన్ బ్రేకు వేస్తే పెడలు టకటకా కొట్టుకోవడం వేరు, అది దాని పని అది చేయడమే.

జాకీ పెట్టి చక్రం విప్పాడు. డిస్కుకి గడియారం లాంటి గేజు ఆనించి చేత్తో తిప్పితే ముల్లు ఊగింది. తర్వాత డిస్కు మందాన్ని చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచాడు. మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతులు తేడా. మన తలవెంట్రుక మందం కూడా లేదు! ఆ కాస్త తేడాకే ప్యాడ్లు ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పట్టి స్టీరింగు దాకా వణుకు వస్తుందట. దానికి తోడు క్యాలిపరు జరగాల్సిన పిన్నులు ఎండిపోయి బిగుసుకున్నాయి. ఒక ప్యాడు ఎక్కువ అరిగిపోయింది.

"ఈమధ్య ఘాట్ రోడ్డు దిగిన్రా అక్కా?" అని అడిగాడు.

దిగాం. శ్రీశైలం గేట్లెత్తారని తుక్కుగూడ మీదుగా వెళ్ళాం. దోమలపెంట దాటాక ఆనకట్ట వైపు మలుపుల్లో మావారు గేరు మార్చకుండా బ్రేకు మీదే కాలుంచి దిగారు. ఆ తర్వాత వాలులో బండ్ల బారు. మరిగిపోయిన బ్రేకుని అలాగే తొక్కిపట్టి చాలాసేపు నిలబెట్టారు. డిస్కు పోత ఇనుముది. అంత వేడి మీద ప్యాడు ఒకేచోట అదిమితే దాని పదార్థం అక్కడ అంటుకుపోతుందట. కాలిపోయిన పెనం మీద దోశ అంటుకుని గుర్తు పడినట్టన్న మాట. ఇక ఆ పెనం మీద ఏ దోశా సాఫీగా రాదు!

డిస్కు పల్చగా చెక్కించి సరిచేయొచ్చు. కానీ ఎంత మందం కన్నా తగ్గకూడదో దాని అంచునే అచ్చు వేసి ఉంటుంది. చెక్కిస్తే మాది ఆ గీత దాటుతుంది. అందుకని ముందు రెండు చక్రాలకీ కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేశాడు. ఒక్కవైపే వేస్తే బ్రేకు సమానంగా పట్టదట. పిన్నులకి వాటి గ్రీజు పెట్టాడు, డిస్కు కూర్చునే చోట తుప్పు గీకాడు. చక్రం నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా, కొలత చూపే రెంచితో బిగించాడు. నట్లు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగిసినా ఈ జబ్బు వస్తుందట. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి ఇరవైకి మెల్లగా కొన్నిసార్లు తగ్గించమన్నాడు, పూర్తిగా ఆపకుండా.

విప్పిన పాత డిస్కు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. మావారు వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను, పక్కనే పాల లెక్కల పుస్తకం. ఆయన రెండూ చూశారు. పేజీ రెండుసార్లు చదివారు. "మన్నెగూడ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. "చెప్పినవి నమ్మారు కనకనా?" అన్నాను. ఆయన జవాబివ్వలేదు. అన్నం తినేటప్పుడు మాత్రం అత్తయ్య "నేనూ ఆ రోజు అదురు చూశాన్రా" అన్నారు. ఆవిడ కూడా నాలాగే నోరు మూసుకున్నారన్న మాట.

మొన్న ఆదివారం యాచారం వెళ్ళాం. తాళం చెవి నాకే ఇచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. ఇబ్రహీంపట్నం దాటాక, వెనక ఎవరూ లేరని చూసుకుని, ఎనభైలో బ్రేకు వేశాను. స్టీరింగు కదలలేదు.

"ఘాట్‌లో రెండో గేరా, మూడోదా?" అని అడిగారు ఆయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి" అన్నాను. ఆ షెడ్డు అబ్బాయి చెప్పిన మాటే.

పచ్చళ్ళు వచ్చేసారి తప్పకుండా.