ఈల వేయొచ్చు, అడ్డు రాకూడదు

ప్రొద్దుటూరులో పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు మొదటి ఆట ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెర మీద పేరు పడగానే ఈలలు, గాల్లోకి చించిన కాగితాలు, హీరో అడుగు పెట్టగానే తొలి డైలాగు ఒక్క ముక్క వినపడనంత కేకలు. జమ్మలమడుగులోనైనా పులివెందులలోనైనా ఇదే తీరు. ఇది చూసి కొందరు మనవాళ్లకు హాల్లో కూర్చోవడమే రాదని విసుక్కుంటారు. నోరు మెదపకుండా చూడటమే మర్యాద అని వాళ్ల లెక్క. అభిమానులేమో సినిమా అంటేనే సందడి, గమ్మున చూడాలనుకునేవాళ్లు ఇంట్లో టీవీ పెట్టుకోవచ్చు కదా అంటారు. ఈ రెండు పక్షాలకూ ఎక్కడా పొసగదు గానీ తగవంతా చప్పుడు గురించేనని ఇద్దరూ నమ్ముతారు. నాకు అది సరైన లెక్కగా తోచదు. మన రాయలసీమలో ప్రేక్షకుడు ఏనాడూ మూగగా కూర్చోలేదు, ఇప్పుడు కూర్చోవలసిన పనీ లేదు. ఆ చప్పుడు ఆటను చూసి పుట్టిందా, లేక పక్కవాడు ఆట చూడకుండా చేస్తోందా అన్నదే అసలు ప్రశ్న. హాలు మర్యాదలన్నిటికీ ఈ ఒక్క కొలబద్ద చాలు.

ముందు మన నాటకాన్నే తీసుకుందాం. పులివెందుల నియోజకవర్గంలోని చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. 1885లో అక్కడ ఒక పెళ్లి సందర్భంగా తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలవాళ్లు బొమ్మలు పక్కనపెట్టి, తామే వేషాలు కట్టి ‘కీచక వధ’ ఆడారు. సురభి నాటక సమాజాలన్నిటికీ అదే మొదలు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పద్యనాటకం సీమ పల్లెల్ని రాత్రంతా మేలుకొలిపింది. ఆ నాటకాల్లో ప్రేక్షకుడి గొంతుకు ఒక చోటుండేది. హరిశ్చంద్రుడో శ్రీకృష్ణుడో పద్యం ఎత్తుకుంటాడు. పద్యం నడిచినంతసేపూ జనం కిక్కురుమనరు. చివరి పాదం ముగిసి రాగం సాగుతుండగా ముందు వరసల్లోంచి ‘వన్స్ మోర్’ అని లేస్తుంది కేక. హార్మోనియం మెట్ల మీద వేళ్లు మళ్లీ మొదటికొస్తాయి, నటుడు అదే పద్యాన్ని ఇంకో సంగతి వేసి పాడతాడు. కేక వేసినవాడికి పద్యం ఎక్కడ ముగుస్తుందో తెలుసు, రాగం ఎక్కడ ఆగుతుందో తెలుసు. అంత శ్రద్ధగా విన్నవాడే అంత కచ్చితమైన చోట కేక వేయగలడు. ఇందులోనూ అతి లేకపోలేదు. ఒకే పద్యాన్ని పదేపదే పాడించి కథను ఆపేసే జనమూ ఉన్నారు. తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ నాటకంలో పాట పెత్తనం తగ్గి నటన పెరగాలని పట్టుబట్టడానికి ఇలాంటి అతి కూడా ఒక కారణమే అయుండాలి. మెచ్చుకోలుకూ హద్దు ఉండాలన్న మాట మనకు బయటినుంచి వచ్చింది కాదు, మన రంగస్థలమే చెప్పింది.

ప్రొద్దుటూరుకు ఇంకా దగ్గరి ఉదాహరణ అవధానం. ఈ ఊళ్లో స్థిరపడిన దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధానాలు చేశారు. సి.వి. సుబ్బన్న శతావధానిదీ ఈ ఊరే. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులుంటే అందులో ఒకరి పని అప్రస్తుత ప్రసంగం. అవధాని సమస్యకో దత్తపదికో పాదం కట్టుకుంటూ ఉంటే మధ్యలో సంబంధం లేని ప్రశ్న వేసి ఆయన ఏకాగ్రత చెదరగొట్టడమే అతని బాధ్యత. ఆయన చమత్కారంగా జవాబిచ్చి మళ్లీ పద్యంలోకి వెళ్లిపోతాడు, సభ నవ్వుతుంది. అంతరాయాన్ని సైతం కళలో భాగం చేసుకున్న జాతి మనది. అయితే ఆ అంతరాయం ఒక్క మనిషికి అప్పగించిన పని, దానికి వేళ ఉంది, తీరు ఉంది. సభలో కూర్చున్న మూడు వందల మందీ అప్రస్తుత ప్రసంగం మొదలుపెడితే అవధానమే ఉండదు. సినిమా హాల్లో ఇవాళ కనిపించేది సరిగ్గా ఆ స్థితి.

భరతుడి నాట్యశాస్త్రం 27వ అధ్యాయం ఈ తేడాను చాలా స్పష్టంగా పట్టుకుంది. ప్రదర్శన ఫలించిందని తెలిపే మానుష సిద్ధిలో ప్రేక్షకుల చిరునవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’, ‘అహో’ అనే మెచ్చుకోళ్లు, సంతోషం పట్టలేక లేచి నిలబడటం, బట్టలు బహూకరించడం ఉన్నాయి. హాలు నిండి, చప్పుడు గానీ కలవరం గానీ లేకుండా అందరూ లీనమైతే దాన్ని దైవ సిద్ధి అన్నాడు. ప్రత్యర్థులు కావాలని అరవడం, పేడ, మట్టిగడ్డలు విసరడం లాంటివాటిని ప్రదర్శనకు కలిగే దెబ్బలుగా వేరే చెప్పాడు. కేక మెచ్చుకోలూ కావచ్చు, దెబ్బా కావచ్చు. అది ఎందుకు పుట్టిందన్నదాన్ని బట్టి దాని విలువ. పూర్తి నిశ్శబ్దం పాటించే హాలు పశ్చిమ దేశాల్లోనూ అంత పాతదేమీ కాదు. ఐరోపా సంగీత నాటకశాలల్లో ఒకప్పుడు దీపాల వెలుగులో జనం కబుర్లు చెప్పుకుంటూనే చూసేవారు. 1876లో జర్మనీలోని బైరాయిత్‌లో సంగీతకర్త వాగ్నర్ తన నాటకశాల తెరిచి, ప్రేక్షకుల వైపు చీకటి చేసి చూపంతా వేదిక మీదికి తిప్పిన తర్వాత నిశ్శబ్దంగా చూసే పద్ధతి మరింత బలపడింది. కాబట్టి మౌనాన్ని నాగరికతకు గుర్తుగా, ఈలను అనాగరికతకు గుర్తుగా చూడటం చరిత్ర ఎరగని మాట.

ఈ కొలబద్దతో ఇవాళ్టి హాలును చూస్తే తప్పులు వేరే చోట కనిపిస్తాయి. హీరో వచ్చిన క్షణంలో ఈల, హాస్యానికి ఘొల్లున నవ్వు, పాటకు చప్పట్లు తెరకు ఇచ్చిన జవాబులు. తెర మీద సన్నివేశం మారగానే అవీ ఆగిపోతాయి. ఫోను అలా ఆగదు. కథ చీకటి గదిలో నడుస్తుంటే ముందు వరసలో ఒకాయన వాట్సాప్ తెరుస్తాడు. అంత దగ్గర్లో వెలిగిన ఆ చిన్న తెర ఎదురుగా ఉన్న పెద్ద తెర కన్నా కంటికి ఎక్కువ తగులుతుంది. వెనక కూర్చున్నవాళ్ల కళ్లు మళ్లీ చీకటికి అలవాటుపడేలోగా సన్నివేశం దాటిపోతుంది. స్టేటస్ కోసం టైటిల్ కార్డునూ క్లైమాక్సునూ వీడియో తీసేవాళ్లు చేయి పైకెత్తి ఇంకో నలుగురికి తెరే కనపడకుండా చేస్తారు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా హాల్లో సినిమాను రికార్డు చేయడం నేరం. శిక్ష 3 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 3 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. చట్టం సంగతి పక్కనపెట్టినా, తన కళ్లతో చూడాల్సిన ఘట్టాన్ని ఫోనులోంచి చూస్తున్నవాడు ఆ క్షణానికి ప్రేక్షకుడే కాడు. ఇక అన్నిటికన్నా హీనమైనది తెర మీది నటినో, హాలుకొచ్చిన ఆడవాళ్లనో ఉద్దేశించి చేసే కామెంట్లు. దీన్ని సందడి అనడానికి వీల్లేదు. కుటుంబాలు హాలుకు దూరం కావడానికి టికెట్ ధర ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

అభిమానులు చెప్పే మాటలో నిజం ఉంది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వచ్చే సినిమా వాళ్లకు పండగే. ఆ ఉత్సాహం లేకపోతే సింగిల్ స్క్రీన్ హాళ్లు ఎప్పుడో మూతపడేవి. అయితే పండగకూ కట్టుబాట్లుంటాయి. 2022 అక్టోబరులో ప్రభాస్ ‘బిల్లా’ మళ్లీ విడుదలైనప్పుడు తాడేపల్లిగూడెంలో అభిమానులు హాల్లోనే టపాసులు కాల్చడంతో సీట్లకు నిప్పంటుకుంది. ప్రాణాలు పోలేదు గానీ, హాల్లో నిప్పు అంటే ఏమిటో 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్ దేశానికి చూపించింది. అక్కడ 59 మంది చనిపోయారు. పొగలో ఊపిరాడక, బయటికి దారి దొరక్క పోయిన ప్రాణాలవి. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితికి వెళ్లాడు. బిడ్డకు సినిమా చూపించాలని వచ్చిన తల్లి ఆమె. ఎంత అభిమానమైనా ఒక మనిషి ఊపిరి కన్నా ఎక్కువ కాదని మనం గట్టిగా, అందరి ఎదుటా చెప్పుకోవాలి.

డబ్బిచ్చి టికెట్ కొన్నాను, నా ఇష్టం అనేవాళ్లకు జవాబు తేలిక. పక్క సీటాయనా డబ్బిచ్చే వచ్చాడు. టికెట్ మీద రాసి ఉండేది సీటు నంబరే, హాలంతా రాసివ్వలేదు. నియమాలు పెట్టే హక్కు యజమానికి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు బయటి తినుబండారాల కేసులో తేల్చింది. అదే తీర్పులో మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. హక్కూ బాధ్యతా రెండూ కలిసే ఉంటాయి. చంటిపిల్లల విషయం మాత్రం వేరుగా చూడాలి. బిడ్డ ఏడుపు ఎవరూ కావాలని చేసేది కాదు. తల్లో తండ్రో కాసేపు వరండాలోకి తీసుకెళ్తే చాలు, మిగతావాళ్లు ఆపాటి ఓర్చుకోవాలి. పిల్లలున్నవాళ్లు హాలుకే రాకూడదనడం సినిమాను అందరికీ అందే వినోదంగా ఉంచుకోదలచిన సమాజం అనాల్సిన మాట కాదు.

మర్యాద నేర్పే భారం ప్రేక్షకుడి నెత్తి మీదే వేసి హాలువాళ్లు తప్పుకుంటే కుదరదు. మొదటి రోజు పొద్దున ఆటను అభిమానులకు వదిలేసి, సాయంత్రం ఫస్ట్ షో నుంచీ కుటుంబాలు ప్రశాంతంగా చూసే ఏర్పాటు చేయొచ్చు. సినిమా మొదలయ్యే ముందూ ఇంటర్వెల్ తర్వాతా ఫోను గురించి, రికార్డింగు శిక్ష గురించి తెర మీద తెలుగులో ఒక మాట వేయొచ్చు. టార్చిలైటుతో సీటు చూపించే మనిషికి గోల చేసేవాణ్ని ఆపే అధికారమూ, యజమాని అండా ఇవ్వాలి. టపాసులను గేటు దగ్గరే పట్టుకోవాలి, అత్యవసర ద్వారాలకు తాళాలు వేయకూడదు. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అవధానానికి వెళ్లి ఎప్పుడు నవ్వాలో ఎప్పుడు చెవులొగ్గాలో ఎరిగిన ఊరు, పద్యం పూర్తయ్యేదాకా ఆగి వన్స్ మోర్ అన్న సీమ, ఈపాటి కట్టుబాటు పాటించలేదంటే నేను ఒప్పుకోను. ఈల వేసే అభిమానికీ, వెనక వరసలో సినిమా చూడటానికి వచ్చిన ముసలాయనకూ ఒకే హాల్లో చోటుండాలి. ఆ చోటు మిగిల్చడమే హాలు మర్యాద.