సముద్రంలోకి దిగే ముందు నిజం చెప్పండి



పరీక్షలు ముగియగానే మిత్రులతో కలిసి ద్వీపాలకు విహారయాత్ర వెళ్లడం నేటి విద్యార్థులకు పరిపాటి అయింది. మా కాలంలో కళాశాల యాత్ర అంటే నాగార్జునసాగరమో, అరకు లోయో. ఇప్పుడు హైదరాబాదులో ఉదయం విమానం ఎక్కినవారు మధ్యాహ్నానికి అండమాన్‌లో ఉంటున్నారు. ఈ మార్పును నేను తప్పుపట్టను. యౌవనంలో ఉన్నవారు సముద్రాన్ని చూడవలసిందే. అయితే ఆ యాత్రలో ఆరోగ్యరీత్యా అతి కీలకమైన ఒక ఘట్టాన్ని మన పిల్లలు అర నిమిషంలో దాటేస్తున్నారు. దానిని మీ దృష్టికి తీసుకురావాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

గత శీతకాలంలో మా మనవడు, అతని సహాధ్యాయులు ఐదుగురు స్వరాజ్ ద్వీపానికి బయలుదేరారు. 2018 వరకు దాని పేరు హేవ్‌లాక్. పెద్దవారెవరైనా తోడుంటేనే పంపుతామని తల్లిదండ్రులు పట్టుబట్టడంతో ఆ బాధ్యత మా దంపతులపై పడింది. కొబ్బరిచెట్ల నడుమ కుటీరాల వంటి గదులున్న రిసార్టులో బస చేశాము. గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే ఇసుక, ఆపైన నీలాకాశంతో కలిసిపోయిన నీరు. రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం చూస్తూ, ఎప్పుడూ అల్లరి చేసే ఆ ఆరుగురూ కాసేపు మౌనంగా కూర్చున్నారు.

రెండవ రోజు ఉదయం స్కూబా డైవింగుకు ఏర్పాటు చేసుకున్నారు. నీటిలోకి దిగే ముందు డైవింగ్ కేంద్రం వారు ఒక్కొక్కరికి ఆరోగ్య ప్రశ్నావళి ఇచ్చారు. ఆస్తమా ఉందా? ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా? గుండె జబ్బు ఉందా? చెవికి శస్త్రచికిత్స జరిగిందా? మందులేమైనా వాడుతున్నారా? ఆరుగురూ చదివీ చదవకుండానే అన్నింటికీ "లేదు" అని గుర్తు పెట్టి, సంతకం చేసి ఇచ్చేశారు.

వారిలో ఒక అబ్బాయి ముందు రాత్రి తన గది వెనుకకు వెళ్లి ఇన్‌హేలర్ పీల్చుకోవడం నేను చూశాను. అతనిని పక్కకు పిలిచి అడిగాను.

"బాబూ, రాత్రి వాడిన మందు సంగతి ఇందులో రాయలేదేం?"

"ఉందని రాస్తే నీటిలోకి దింపరట తాతగారూ. చలికాలంలో, దుమ్ము తగిలినప్పుడు తప్ప నాకేమీ ఉండదండీ."

"మీ స్నేహితులకు తెలుసా?"

"తెలియదండీ. ఎవరికీ చెప్పవద్దని అమ్మ చెప్పింది."

పాఠకులారా, ఆ చివరి మాట నాకు కొత్తది కాదు. ముప్పై ఏళ్లకు పైబడిన ప్రభుత్వ వైద్య వృత్తిలో ఎన్నోసార్లు విన్నాను. ఉబ్బసం ఉందని తెలిస్తే బలహీనుడంటారు. మూర్ఛ ఉందని తెలిస్తే రేపు సంబంధాలు రావంటారు. చిన్ననాటి నుండి అలా దాచడం నేర్పిన కుటుంబంలోని బిడ్డ, కాగితం మీద ఆ ప్రశ్న ఎదురైనప్పుడు "లేదు" అని కాక మరేమని రాస్తాడు?

అక్కడ ఆ అబద్ధం ఎందుకు ప్రమాదకరమో చెబుతాను. నీటిలో 10 మీటర్ల లోతుకు వెళితే మన శరీరంపై పీడనం ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు పరిమాణానికి వ్యాకోచిస్తుంది. ఆరోగ్యవంతుడు మామూలుగా ఊపిరి వదులుతూ పైకి వస్తే ఆ అదనపు గాలి బయటకు పోతుంది. ఉబ్బసం వల్ల శ్వాసనాళాలు ముడుచుకుపోతే గాలి లోపలే చిక్కుకుంటుంది. అలా చిక్కిన గాలి వ్యాకోచించి ఊపిరితిత్తి కణజాలాన్ని చీల్చవచ్చు. గాలి బుడగలు రక్తంలోకి చేరి మెదడుకు వెళ్లవచ్చు. పైగా సిలిండరులోని పొడి గాలి, శ్రమ, గొంతులోకి పోయిన ఉప్పునీరు ఇవన్నీ ఉబ్బసాన్ని రేపేవే. మూర్ఛ సంగతి చెప్పనే అక్కరలేదు. నేల మీద రెండు నిమిషాలలో తగ్గిపోయే మూర్ఛ నీటి అడుగున ప్రాణం తీస్తుంది.

ఇదంతా ఆ అబ్బాయికి నెమ్మదిగా వివరించాను. చివరకు తానే వెళ్లి ప్రశ్నావళి సరిచేశాడు. శిక్షకుడు మర్యాదగానే, ఈసారికి వద్దన్నాడు. అబ్బాయి ముఖం చిన్నబోయింది. మిత్రులకు కారణం చెప్పక తప్పలేదు. తలవంచుకుని చెప్పాడు. వారిలో ఒకడు, "ఇంతేనా? మా చెల్లికీ ఉందిరా" అన్నాడు. ఇన్నేళ్లు దాచిన రహస్యం బరువు అంతే! మధ్యాహ్నం అందరూ కలిసి ఎలిఫెంట్ బీచ్ వద్ద అడుగున అద్దం అమర్చిన పడవలో పగడాలు చూశారు. ఉబ్బసం ఉన్నవారందరికీ డైవింగ్ శాశ్వతంగా నిషిద్ధమని నా ఉద్దేశం కాదు. వ్యాధి బాగా అదుపులో ఉండి, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షలు సక్రమంగా ఉన్న కొందరికి వైద్యులు అనుమతి ఇస్తారు. ఆ పరీక్ష ఇంటి దగ్గరే, యాత్రకు ముందే జరగాలి.

ద్వీపంలో మరొక సత్యాన్ని గుర్తుంచుకోవాలి. స్వరాజ్ ద్వీపంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. అంతకుమించిన వైద్యం అవసరమైతే సముద్రం దాటి శ్రీ విజయపురంలోని, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్‌లోని, గోవింద వల్లభ పంత్ ఆసుపత్రికి చేరాలి. పడవలో గంటన్నర నుండి రెండున్నర గంటల ప్రయాణం. చీకటి పడ్డాక ప్రయాణికుల పడవలు తిరగవు. కనుక మీ పక్కనున్న స్నేహితుడే మీ తొలి వైద్యుడు. మీ జబ్బేమిటో, మందు ఏ సంచిలో ఉందో అతనికి తెలియకపోతే అతడేం చేయగలడు?

విద్యార్థులకు మరి మూడు మాటలు. డైవింగ్ చేసిన వెంటనే విమానం ఎక్కరాదు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే కనీసం 18 గంటలు ఆగాలి. పూర్తిగా ఒక రోజు ఆగితే మరీ మంచిది. లేకపోతే రక్తంలో కరిగిన నత్రజని బుడగలుగా మారి కీళ్లను, నరాలను దెబ్బతీయవచ్చు. జలుబు ఉన్నప్పుడు లోతుకు దిగితే కర్ణభేరి చిరిగే ప్రమాదం ఉంది. మద్యం సేవించి, ముఖ్యంగా రాత్రివేళ, సముద్రంలో దిగడం ఆత్మహత్యాసదృశం. మునిగిపోయే మనిషి సినిమాలలో లాగా కేకలు వేయడు, చాలాసార్లు నిశ్శబ్దంగానే మునిగిపోతాడు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లల పెట్టెలో సన్‌స్క్రీన్, కొత్త బట్టలు సర్దేటప్పుడు, వాడుతున్న మందులను, వాటి చీటీని కూడా పైన కనిపించేలా పెట్టండి. "ఎవరికీ చెప్పకు" అనే మాటకు బదులు "నీతో వచ్చేవారికి తప్పక చెప్పు" అని చెప్పి పంపండి. ఆ ఒక్క మాటతో వారు క్షేమంగా తిరిగి వస్తారు, సముద్రం గురించి మీకు కథలు కథలుగా చెబుతారు.