వాకిట నిలిచిన పరదేశి

2018 వేసవిలో మా చెల్లెలి వాకిటికి వచ్చిన బుడబుక్కలవానిని నేను కన్నులార చూడలేదు. కాని వానిపైకి కఱ్ఱలెత్తించిన మాటలు నా చేతిమీదుగ పోయినవే. ఆ సంగతి చదువరులకు విన్నవించుకొనుట నా విధియని తోచుచున్నది.

మే నెలలో నొక రాత్రి మా బంధువుల వాట్సాపు గ్రూపులోనికి ఒక చిన్న వీడియో వచ్చెను. మోటారుసైకిలుపై వచ్చిన యిద్దఱు వీధిలో నాడుకొనుచున్న బాలు నొకనిని ఎత్తుకొనిపోయిరి. పిల్లల నపహరించు ముఠా మన జిల్లాలో దిగినదని క్రింద తెలుగున వ్రాసియుండెను. నేను ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను. అచ్చయినదెల్ల నిజము కాదని పిల్లలకు వేయిమారులు బోధించినవాడను. ఆ రాత్రి మాత్రము ప్రక్కను నిదురించు మనుమని ముఖము చూచి, ముందువెనుకలు చూడక, దానిని మఱి నాలుగు గ్రూపులకు పంపితిని. అం దొకటి మా చెల్లెలి యూరివారిది.

మూడవనాడు ఆమె ఫోను చేసినది. "అన్నయ్యా, వేకువను వచ్చినవాడు మన నాన్నగారి నాటినుండి వచ్చు బుడబుక్కలవాడే. పాతపంచ యొకటి తెత్తునని లోపలికి పోయి వచ్చునప్పటికి, కుఱ్ఱవాండ్రు పదిమంది వాని జోలె లాగి చూచుచున్నారు. పిల్లల నెక్కడ దాచితివని యడుగుచున్నారు. వానిని ఇంటిలోనికి లాగి గడియ వేసితిని. నీవు పంపినదే నాకు చూపిరి." ఆమె నన్ను నిందింపలేదు. నిందించిన బాగుండెడిది.

చిన్నతనమున ఆ చిన్నడమరుకపు సద్దు వినగానే మేము దుప్పట్లలో దాగెడివారము. నాన్నగారు మాత్రము లేచి కూర్చుండి, వాడు చెప్పు జోస్యము తుదివరకు విని, చేటెడు బియ్యము పోయించెడివారు.

ఆ వీడియో కథ తరువాత తెలిసినది. పాకిస్తానులోని కరాచీ నగరమున, పిల్లలను కనిపెట్టియుండుడని తల్లిదండ్రులను హెచ్చరించుటకు తీసిన చిత్రమది. తుదిని ఆ బాలుని మరల దింపి, హెచ్చరిక వ్రాసిన ఫలకమును చూపుదురు. ఎవరో ఆ తుదిభాగమును కత్తిరించిరి. హితము చెప్పవచ్చిన చిత్రము ఆ యొక్క కత్తెరతో కొండెమైపోయినది.

మా బుడబుక్కలవాడు బ్రతికి బయటపడినాడు. 2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రమందలి ధూళే జిల్లా రాయిన్‌పాడాలో, ఇట్టి వదంతికే, భిక్షాటనముతో పొట్టపోసికొను నాథపంథీ దావరీ గోసావీలు అయిదుగురిని జనులు కొట్టి చంపిరి.

ఇదంతయు ఫోను చేసిన పనియనుట నాకు సమ్మతము కాదు. సంచారజాతులు పెక్కింటిని పుట్టుకతోనే నేరస్థులని 1871 నాటి చట్టము ముద్రవేసినది. 1952 నాటికి ఆ చట్టము తొలగినను, మన మనస్సులలోని ముద్ర తొలగలేదు. ఆధారములేని వార్త ఎవనిమీద వ్రాలవలెనో ఆ ముద్రయే చూపినది. ఎన్నికలవేళ పక్షములవారును ఈ దారి నెఱుగుదురు: మనలో ముందే యున్న యనుమానమును వెదకి, దాని కొక బొమ్మ తగిలించి పంపుదురు.

వాట్సాపు సంస్థవారు ఆ జూలైలోనే, మనదేశమున ఒక సందేశమును ఒకమారు అయిదు చోట్లకు మించి పంపుటకు వీలులేకుండ కట్టడి చేసిరి. మంచిదే. కాని నాకు మిగుల నచ్చినది గద్వాల ప్రాంతమున జరిగినది. అక్కడి పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు కానిస్టేబుళ్లను ఊరూరికి పంపి, డప్పులతో పాటలు పాడించి, ఈ వదంతులు బూటకములని చాటించిరి. అక్షరము రానివారికిని, వచ్చిన నాబోంట్లకును డప్పు సమానముగనే వినబడును.

నేనును తప్పొప్పుకొని ఆ నాలుగు గ్రూపులకును వ్రాసితిని. మొదటిదానికి దండములు పెట్టినవారు పలువురు. రెండవదానికి బదులు వ్రాసినది మా చెల్లెలొక్కతె.

ఆమె ఆ పాతపంచను మడిచి పెట్టెలో నుంచినది. వాడు మరల రాలేదు. కబురంపి పిలిపింతమని తలచితిమి గాని, ఇన్నియేండ్లుగా బియ్యము పోసినవారమే, వాని పేరును ఊరును మాలో నెవ్వరికిని తెలియవు.