బొమ్మ కెమెరా నేర్పే చూపు

ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికి ఒకతె. తమ చేతకానితనాన్ని పనిముట్టు మీదికి నెట్టేవారిని లోకం ఈ సామెతతోనే ఎత్తిపొడుస్తుంది. కాని మద్దెల నిజంగానే ఓటిదై, ఆ సంగతి ఆడే మనిషికి ముందే తెలిసి, తెలిసీ కోరి దానినే ఎంచుకుంటే ఏమనాలి? ఛాయాచిత్ర కళలో అటువంటి వింత ఒకటి జరిగినది. మేలైన యంత్రాలను వాడనేర్చినవారు కొందరు వాటిని పక్కనపెట్టి, పిల్లల ఆటవస్తువుల మధ్య దొరికే ప్లాస్టిక్ కెమెరాను చేతబట్టారు. వారు పనితనం తెలియనివారు కారు. పనితనం బాగా తెలిసినందువల్లనే దాని హద్దులను కూడా తెలుసుకున్నవారు.

చౌక కెమెరా లోకానికి కొత్త కాదు. 1900లోనే కోడక్ సంస్థ బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరాను ఒక్క డాలరుకు అమ్మి, ఫోటో తీయడమనే వేడుకను పిల్లల చేతికి అందించినది. మరుసటి ఏడాది బ్రౌనీ రెండవ నమూనాతో పుట్టిన 120 రకం ఫిల్ము నేటికీ బ్రతికి ఉన్నది. ఆ ఫిల్ము కోసమే 1960 దశకంలో హాంకాంగ్‌లోని కౌలూన్‌లో, గ్రేట్ వాల్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ అనే కర్మాగారంలో డయానా అనే కెమెరా తయారైనది. దానికి ఒళ్ళంతా ప్లాస్టిక్కే. కెమెరాకు ప్రాణం వంటి లెన్సు సైతం ప్లాస్టిక్కే. అమెరికాలో అది ఒకటి రెండు డాలర్లకు దొరికేది. సంతలలో పందెం గెలిచినవారికి బహుమానంగా కూడా ఇచ్చేవారు. ఇంచుమించు ఇదే వస్తువు పదుల కొద్దీ వేరు వేరు పేర్లతో అమ్ముడుపోయినది. ఒక రీలుకు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు చదరపు బొమ్మలు పదహారు వచ్చేవి. 1970 దశకంలో దీని తయారీ ఆగిపోయినది. తయారుచేసినవారి లెక్కలో దాని కథ అంతటితో ముగిసినట్లే.

కాని అప్పటికే అది మరొక చోట మొలకెత్తినది. ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్ అనే చిన్న పట్టణంలో ఒక విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ 1960 దశకం చివర ఛాయాచిత్ర కళ నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థులకు డయానాను ఇచ్చి ఫోటోలు తీయించేవారు. ఈ పద్ధతిలో ఒక మర్మమున్నది. మంచి యంత్రం చేతికి రాగానే కొత్తవాడి మనసు మీటల మీదికి, అంకెల మీదికి పోతుంది. మీటలు పెద్దగా లేని పెట్టె చేతికిస్తే మనసు పోవడానికి ఎదుట ఉన్న దృశ్యం తప్ప వేరొక చోటు లేదు.

ఆ విద్యార్థులలో నాన్సీ రెక్స్‌రాత్ అనే యువతి ఒకరు. తక్కినవారికి పాఠంగా ముగిసిన ఈ కెమెరా ఆమెకు మాత్రం మాతృభాష వలె పట్టుబడినది. 1970 మొదలు 1976 వరకు ఆమె ఒహాయో ఆగ్నేయ భాగంలోని చిన్న చిన్న ఊళ్ళలో డయానాతో తిరిగినది. లోగన్‌లో ఒక స్త్రీ పడక, ఏమ్స్‌విల్‌లో గాలిలోకి ఎగిరిన పిల్లలు, తెల్లని చెక్క ఇళ్ళు, కిటికీల వెలుగు, పెన్స్‌విల్‌లో తన తల్లి: ఆమె తీసిన బొమ్మలు ఇటువంటివి. 1977లో వాటిని పుస్తకంగా వెలువరించి దానికి 'అయోవా' అని పేరు పెట్టినది.

ఒహాయోలో తీసిన బొమ్మలకు మరొక రాష్ట్రం పేరెందుకు? చిన్ననాడు ఆమె వేసవులలో బంధువుల ఇళ్ళకు వెళ్ళిన చోటు అయోవా. ఒహాయో పల్లెలలో తిరుగుతుండగా ఆమెకు కనబడినది ఆ వేసవులే. కనుక అయోవా అనే మాట ఆ పుస్తకంలో భూగోళానికి సంబంధించినది కాదు. మనసులో మిగిలిన ఒక చోటికి పెట్టుకున్న పేరు. ఆ చోటికి ఏ రైలూ పోదు. దానిని ఫోటో తీయాలంటే ఉన్నదానిని ఉన్నట్లు పట్టే మేలైన లెన్సు పనికిరాదు. అది ఎదుటి గోడకున్న ప్రతి ఇటుకనూ చూపుతుంది. ఆ గోడను చూచి తలచుకున్నదానిని చూపలేదు. ఆమెకు కావలసినది గోడ కాదు, తలపు. పుస్తకం వచ్చిన నలభై ఏళ్ళకు, 2017లో, అది మళ్ళీ అచ్చయినది.

డయానా తీసిన బొమ్మ జ్ఞాపకం వలె ఎందుకుంటుందన్నది మంత్రమేమీ కాదు. వెలుగు నడిచే తీరులోనే దానికి కారణమున్నది. మంచి కెమెరాలో అనేక గాజు కటకాలు ఒకదాని వెనుక ఒకటి నిలిచి, ఒకదాని లోపాన్ని మరొకటి సరిదిద్దుతాయి. బొమ్మ కెమెరాలోని ఒంటరి కటకానికి అటువంటి తోడు లేదు. అందుచేత నడిమి భాగం కొంత తేటగా నిలిచి, అంచులకు పోయేకొద్దీ రూపాలు కరిగిపోతాయి. లెన్సు పరిచే వెలుగు చదరపు మూలల దాకా నిండుగా చేరదు, మూలలు నల్లబడతాయి. పెట్టె అతుకులు గట్టివి కావు. సందులలో నుంచి దొంగ వెలుతురు దూరి అచ్చువేసిన బొమ్మ మీద తెల్లని చారలు గీస్తుంది. అమ్మమ్మగారి ఇంటి పెరడును ఎవరైనా తలచుకొని చూడవచ్చును. నూతి గట్టు స్పష్టంగా కనబడుతుంది, గిలక చప్పుడు కూడా వినబడుతుంది. ప్రహరీ గోడ దగ్గరికి వచ్చేసరికి అంతా మసక. దాని అవతల ఏమున్నదో గుర్తుకు రాదు. మనిషి తలపుకు కూడా మూలలు నల్లగానే ఉంటాయి.

డయానా తెరమరుగైన కొన్నేళ్ళకు హాంకాంగ్‌లోనే దానికి చెల్లెలు పుట్టినది. ఫ్లాష్ దీపాలు చేసే ఒక సంస్థకు అధిపతి అయిన టి. ఎం. లీ 1980 దశకం ఆరంభంలో హోల్గా అనే కెమెరాను రూపొందించాడు. మిక్కిలి వెలుగు అనే అర్థం గల కాంటనీస్ మాట నుండి ఆ పేరు వచ్చినది. చైనాలో అప్పుడు 120 ఫిల్ము విరివిగా దొరికేది. కెమెరా కొనే స్తోమత లేని సామాన్య కుటుంబం కూడా తమ పిల్లల ఫోటో తాము తీసుకోగలగాలన్నది లీ ఆలోచన. అయితే అంతలోనే 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఆ దేశంలో వెల్లువెత్తినది. ఎవరి కోసం హోల్గా పుట్టినదో వారు దానిని వదిలివేశారు. విదేశాలలోని కళాకారులు, ఉపాధ్యాయులు, కుర్రకారు దానిని దగ్గరకు తీశారు. లోపాలుగా ఎంచదగినవన్నీ వారికి గుణాలైనాయి.

ఆ లోపాలలో ఒకటి చెప్పుకోదగినది. హోల్గా మీద ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు ఉంటాయి. మీటను అటూ ఇటూ తిప్పి వెలుగును సరిచేసుకున్నామని మనిషి తృప్తిపడతాడు. కాని తొలి నమూనాలలో ఆ మీట తెచ్చి అడ్డుపెట్టే రంధ్రం, లోపల స్థిరంగా ఉన్న రంధ్రం కంటే పెద్దది. అంటే మీటను ఎటు తిప్పినా ఫలితమొకటే! చాలాకాలం ఎందరో ఆ మీటను నమ్మి తిప్పుతూనే ఉన్నారు. బొమ్మలూ వస్తూనే ఉన్నాయి.

ఆట వస్తువు అన్న పేరున్నంత మాత్రాన ఇది గంభీరమైన పనికి తగదనుకోరాదు. డేవిడ్ బర్నెట్ అనే పేరుపొందిన పత్రికా ఛాయాగ్రాహకుడు వియత్నాం యుద్ధ కాలం నుండి పని చేసినవాడు. 2000లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన అల్ గోర్ ప్రచార సభలకు ఆయన తక్కిన పరికరాలతో పాటు ఒక హోల్గాను కూడా వెంట తీసుకుపోయాడు. దానితో తీసిన ఒక చిత్రానికి 2001లో శ్వేతసౌధ వార్తా ఛాయాగ్రాహకుల సంఘం పోటీలో బహుమతి వచ్చినది. చుట్టూ ఖరీదైన కెమెరాలు మోగుతున్న చోట అందరి కంటే భిన్నమైన చూపు అన్నింటి కంటే చౌకైన పెట్టెకు దక్కినది.

మన దేశంలో ఒక తరానికి ఈ చదరపు బొమ్మల లోకం బాగా పరిచితమే. ఆగ్ఫా క్లిక్ త్రీ అనే కెమెరా ఎన్నో మధ్యతరగతి ఇళ్ళలో బీరువా పై అరలో ఉండేది. రీలుకు పన్నెండు ఫోటోలు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు తయారుచేసిన 'ఇందు' నలుపు తెలుపు రీళ్ళను కూడా వాడేవారు; ఆ కర్మాగారం తరువాతి కాలంలో మూతపడినది. క్లిక్ త్రీ బొమ్మ కెమెరా కాదు. కాని దానిలోనూ ఎండకు, మబ్బుకు చెరొక గుర్తు తప్ప పెద్ద హంగులు లేవు. తీర్థయాత్రకు పోతే పన్నెండే. పెళ్ళికి పోతే పన్నెండే. ఎవరిని తీయాలి, ఎవరిని విడిచిపెట్టాలి అని ఇంటిల్లిపాదీ ఆలోచించేవారు. రీలు కడిగించుకొని వచ్చిన నాడు, కొంత కదిలిపోయిన తాతగారి ముఖాన్ని కూడా ఎవరూ పారవేయలేదు. ఆయనది మరొక ఫోటో లేదు మరి!

ఆ నిబ్బరాన్ని ఈనాడు మళ్ళీ నేర్చుకోవలసి వస్తున్నది. కొత్తగా హోల్గా పట్టినవాడికి మొదటి రీలు ఒక పరీక్ష. దూరాన్ని అంకెలలో కాక బొమ్మలలో చెబుతుంది ఆ కెమెరా: మూడడుగులకు ఒక మనిషి, ఆరడుగులకు చిన్న కుటుంబం, పద్దెనిమిది అడుగులకు గుంపు, ముప్పై అడుగులు దాటితే కొండ. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో తన కంటితో తానే కొలుచుకోవాలి. చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. లెన్సు మూత తీయడం మరచినా కెమెరా హెచ్చరించదు. పన్నెండు సార్లు మీట నొక్కి, నెగెటివు మీద ఏమీ లేకపోవడం చూసినవారు ఎందరో!

రెండవ రీలుకు భయం తగ్గుతుంది. మూడవ రీలుకు ఆట మొదలవుతుంది. ఈ కెమెరాలో ఫిల్ము తిప్పే చక్రానికి, షట్టర్‌కు లంకె లేదు. ఫిల్ము జరపకుండా రెండవసారి నొక్కితే ఒక దృశ్యం మీద మరొకటి పడుతుంది: చెట్టు కొమ్మలలో ఒక ముఖం, నీటి మీద ఒక వీధి. ఫిల్మును పూర్తిగా కాక సగమే జరుపుతూ పోతే బొమ్మలు ఒకదానిలోకి ఒకటి ఒరిగి, పొడవాటి ఒకే పటమవుతుంది. బస్సు దిగినవాడు, నడిచి వచ్చినవాడు, ఇల్లు చేరినవాడు ఒకే చిత్రంలో ఉంటారు. వెలుతురు తక్కువైతే షట్టర్‌ను తెరచి ఉంచి, ఊపిరి బిగబట్టి నిలబడవచ్చును. చేతి వణుకు కూడా బొమ్మలో చేరుతుంది. అతుకుల మీద నల్ల టేపు అంటిస్తే దొంగ వెలుతురు ఆగుతుంది. కొందరు అన్ని సందులూ మూసి, ఒకటి మాత్రం కావాలని విడిచిపెడతారు. ఏది మూయాలి, ఏది విడవాలి అని తేల్చుకోవడంలోనే ఆ మనిషి అభిరుచి బయటపడుతుంది.

దీనిపై ఒక ఆక్షేపణ ఉన్నది. అది తోసివేయదగినది కాదు. లోపమే అందమని మొదలుపెడితే లోపమే ఫ్యాషన్ కాదా? అయినది కూడా. 2010లో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ మొదట చదరపు బొమ్మలతో, పాతకాలపు రంగు పూతలతోనే జనాన్ని ఆకర్షించినది. నల్లని మూలలు, వెలిసిన రంగులు వేలికొసకు దిగివచ్చినాయి. చూపుకు రెండూ ఒకటే అనిపిస్తాయి. తేడా తీసినవాడి స్థితిలో ఉన్నది. ఫోనులో ముందు బొమ్మ భద్రంగా చేరుతుంది, తరువాత దానికి లోపాన్ని అలంకారంగా తొడుగుతారు, నచ్చకపోతే తీసివేస్తారు. బొమ్మ కెమెరాలో లోపమూ బొమ్మా కలిసే పుడతాయి, విడదీయరాదు. పోగొట్టుకునే ప్రమాదం ఒకదానిలో లేదు, ఒకదానిలో ఉన్నది. ప్రమాదం లేని చోట మనిషి అంత శ్రద్ధగా నిలబడడు.

మరొక చిక్కు కూడా ఉన్నది. పేదవాడి కోసం పుట్టిన ఈ కెమెరా ఈనాడు పేదవాడికి అందుబాటులో లేదు. పెట్టె చౌకే, దాని తిండి చౌక కాదు. ఫిల్ము ధర పెరిగినది, రీలు కడిగే స్టూడియోలు అరుదైనాయి. హోల్గా తయారీ కూడా 2015లో నిలిచిపోయి, పాత అచ్చులు దొరకగా 2017లో మళ్ళీ ఆరంభమైనది. అందరూ దీనిని కొనాలని, కొన్నవారందరూ కళాకారులవుతారని చెప్పడం మోసమే అవుతుంది. చేతిలో ఉన్న ఫోనుతోనే రోజుకు పన్నెండు బొమ్మలకు మించి తీయనని, తీసినదానిని వారం దాకా చూడనని, దేనినీ చెరిపివేయనని నియమం పెట్టుకున్నవాడికి ఈ పాఠంలో సగం దక్కుతుంది.

తక్కిన సగం ఆ ప్లాస్టిక్ పెట్టె దగ్గరే ఉన్నది. మనం తీయాలనుకున్నది ఒకటి, అది ఇచ్చేది మరొకటి. కోపం వచ్చినవారు దానిని అటక మీద పడవేస్తారు. ఓర్పు ఉన్నవారు ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని పరిశీలిస్తారు. తాము చూడనిది ఆ గుడ్డి కన్ను ఎలా చూసినదని ఆశ్చర్యపడతారు. మరుసటి ఉదయం, మరొక రీలుతో, అదే వీధిలోకి పోతారు.