నేను రాసిచ్చిన టానిక్

1984 ప్రాంతంలో నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేస్తుండగా, ఒక రైతు తన పదేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. "అయ్యా, వీడికి చదువు ఎక్కడం లేదండి. జ్ఞాపకశక్తికి ఏదైనా టానిక్ రాయండి" అని కోరాడు.

కథ చెప్పమంటే ఆ బాలుడు తడుముకోకుండా చెప్పాడు. నోటిలెక్కలు చకచకా చేశాడు. వాచకం చేతికిస్తే మాత్రం మొదటి వాక్యం దాటలేకపోయాడు. కళ్లు పరీక్షించాను, చూపు బాగానే ఉంది. బి-కాంప్లెక్స్ టానిక్ రాసిచ్చి, "జబ్బేమీ లేదు, శ్రద్ధగా చదివించండి" అని పంపివేశాను.

పాతికేళ్ల తరువాత, నా పదవీ విరమణకు కొద్ది నెలల ముందు, అతడే తన ఎనిమిదేళ్ల కూతురితో వచ్చాడు. "మీరు జబ్బు లేదన్నారు కదా సార్, అప్పట్నించీ బద్ధకమని మా నాన్న కొట్టేవాడు. అయిదో తరగతిలో బడి మానేశాను. ఇప్పుడు మా పాపకీ నాలాగే చదువు రావడం లేదు. దాన్ని కొట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు సార్" అన్నాడు. అతని మాటలో నిష్ఠూరం లేదు. అందువల్లనే అది నన్ను మరింత బాధించింది.

ఆ తండ్రీకూతుళ్లకు ఉన్నది డిస్లెక్సియా. 1896లోనే ప్రింగిల్ మోర్గాన్ అనే వైద్యుడు, తెలివితేటలుండీ చదవలేకపోతున్న పద్నాలుగేళ్ల బాలుని గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంటే నేను ఆ టానిక్ రాసేనాటికే వైద్యశాస్త్రం ఈ స్థితిని గుర్తించి ఎనభై ఏళ్లు దాటింది.

ఇది కంటి దోషం కాదు, మందబుద్ధి కాదు, పెంపకంలో లోపమూ కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, ఒక్కొక్క ధ్వనిని దాని అక్షరంతో జతపరచే పనిని ఈ పిల్లల మెదడు మనవలె సులువుగా చేయలేదు. వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఎక్కువ. ఫలితంగా గుణింతాలు తారుమారవుతాయి, ఒత్తులు జారిపోతాయి. 'పుస్తకం' కాస్తా 'పుసకం' అవుతుంది. అక్షరాలను కూడబలుక్కోవడంలోనే శక్తి అంతా ఖర్చయి, చదివినదాని అర్థం మనసుకెక్కదు. చదవడం వెనుకబడితే సాంఘికశాస్త్రం, సామాన్యశాస్త్రం కూడా వెనుకబడతాయి. ఆపైన "నేను మొద్దును" అన్న నమ్మకం పాతుకుపోతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

దీనిని నయం చేసే మందు లేదు, టానిక్ అసలే లేదు. ధ్వనినీ అక్షరాన్నీ కలిపి, క్రమపద్ధతిలో, ఓపికగా, పదేపదే నేర్పే బోధనే దీనికి చికిత్స. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మేలు. మీ బిడ్డ మాటల్లో చురుకుగా ఉండి పుస్తకం దగ్గర మాత్రం తడబడుతుంటే, చూపు, వినికిడి పరీక్షించిన పిమ్మట మానసిక నిపుణుని సంప్రదించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీనిని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, లేఖకుని సహాయం కోరవచ్చు.

ఆ పాపను నేను నిపుణుల వద్దకు పంపాను. ఆమె పదో తరగతి ఉత్తీర్ణురాలైనప్పుడు తండ్రి మిఠాయి పొట్లంతో మా ఇంటికి వచ్చాడు. పొట్లం అందుకుంటూ, ఆనాడు అతనికి చెప్పవలసిన మాట ఆలస్యంగానైనా చెప్పాను: "తప్పు నీది కాదు నాయనా, నాది."